ఫారిన్ టూర్‌కి బట్టలు ఎలగ ఎంచుకోవాలి, బరంపురం టైలరమ్మ మాట

పోయిన నెల మా షాపుకి ఒకావిడ పద్నాలుగు జాకెట్టు ముక్కలు పట్టుకొచ్చేరు. సింగపూర్ మలేషియా టూరట, ఏడు రోజులు, రోజుకి రెండు చీరలు, పొద్దున్న ఒకటి సాయంత్రం ఒకటి, అన్నింటికీ లైనింగు అన్నింటికీ వెనక తాళ్లు. నేను అడిగేను, అత్తా, అక్కడ రోజంతా నడకే కదా, చెమటకి తడిసిన చీర రాత్రి హోటల్లో ఎక్కడ ఆరేస్తారు, ఇన్ని సర్దితే సూట్‌కేసు ఎవరు మోస్తారు అని. ఆవిడ కాసేపు ఆలోచించి నాలుగు కుట్టమన్నారు, మిగతా పదీ సంక్రాంతికి కుడదామని పక్కన పెట్టేం. ఆవిడతో అరగంట కూర్చొని చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈమధ్య వారానికొకరు ఇదే అడుగుతున్నారు.

మాది ఒడిశాలో బరంపురం, గిరి రోడ్డు వెనక చిన్న లేడీస్ టైలరింగ్ షాపు, పెట్టి ఇరవై ఏళ్లయింది. 2023లో భువనేశ్వర్ నించి దుబాయ్‌కి, సింగపూర్‌కి, బ్యాంకాక్‌కి డైరెక్ట్ ఫ్లైట్లు మొదలయ్యేక మనోళ్లు కూడా బాగా తిరుగుతున్నారు, మూడు గంటలు రైలెక్కితే ఎయిర్‌పోర్టు కదా. నేను రెండుసార్లు వెళ్లేను. ఒకసారి థాయిలాండ్, అక్కా వాళ్ల కుటుంబంతో. ఇంకోసారి తమ్ముడు జర్మనీలో ఉంటే అమ్మని తీసుకొని వెళ్లి, అక్కణ్ణించి స్విట్జర్లాండ్. నేను తిరిగింది తక్కువే గానీ తిరిగొచ్చినవాళ్ల బట్టలు రిపేరుకి నా దగ్గరికే వస్తాయి, అవి చూస్తే ఎక్కడ ఏటి జరిగిందో తెలిసిపోతాది. కుచ్చిళ్ల దగ్గర ఫాల్ ఊడిపోయి నల్లగా గ్రీజు అంటుకుందంటే అది ఎస్కలేటరు. ప్యాంటు తొడల మధ్య కుట్టు రాసుకొని బట్ట పలచబడిందంటే ఎక్కువ నడక, పైగా చెమట. కొత్త కుర్తీ చంక దగ్గర పిగిలిందంటే పైన రాడ్డు పట్టుకొని మెట్రోలో నిలబడ్డారు, చెయ్యి పైకెత్తి ఇంట్లో ఒకసారి కూడా చూసుకోలేదు.

అందుకే నేను మొదట చెప్పేది ఒకటే. టూరు కోసం కొత్త బట్టలు కొనకండి. కనీసం మూడుసార్లు కట్టి, ఉతికి, కూర్చొని లేచి, ఎక్కడ బిగుస్తాదో ఎక్కడ గుచ్చుకుంటాదో మీకు తెలిసిన బట్టలే పట్టుకెళ్లండి. కొత్తవి తప్పక కొనాల్సి వస్తే నెల ముందే కొని, ఇక్కడే బజారుకి వేసుకెళ్లి, అస్కా రోడ్డులో ఎండలో తిరిగి రండి.

ఇంక వాతావరణం. మనోళ్లు "యూరప్ అంటే చలి, దుబాయ్ అంటే ఎండ" అని దేశం పేరు చూసి సర్దీస్తారు. చూడాల్సింది ఊరి పేరూ తారీకూ. ఫోన్‌లో వెదర్ యాప్ తీసి మీరు పడుకొనే ఊరు, మీరు ఎక్కే కొండ విడివిడిగా కొట్టండి, పగటి ఎండ ఎంతో చూసి వదిలీకండి, రాత్రి ఎంతకి దిగుతాదో, గాలి ఎంతో, వాన ఉందో లేదో కూడా రాసుకోండి. నెల ముందు ఒకసారి, బయల్దేరే ముందు వారంలో ఇంకోసారి. సింగపూర్ భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాదంతా ఒకలాగే, 24 నించి 32 డిగ్రీలు, మన గోపాల్‌పూర్ ఉక్కపోతే అనుకోండి, అక్కడికి స్వెటరు ఎందుకూ అంటారా, మాల్‌లోనూ మెట్రోలోనూ ఏసీకి చేతులు గడ్డకడతాయి, ఒక పలచని ఫుల్ చేతుల కార్డిగన్ బేగ్‌లో ఉండాలి. దుబాయ్‌లో వేసవి 40 దాటిపోతాది, అదే డిసెంబరు రాత్రి ఎడారి సఫారీకి వెళ్తే చలికి వణుకుతారు. ఆస్ట్రేలియా న్యూజిలాండ్ అయితే సీజనే తలకిందులు, మన సంక్రాంతికి వాళ్లకి నడి వేసవి, మన మే నెల సెలవులకి వాళ్లకి చలికాలం మొదలు. ఇది తెలీక మే నెలలో సిడ్నీకి సన్నటి కాటన్లు పట్టుకెళ్లినవాళ్లని నేను చూసేను.

చలి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అది మనకి అలవాటు లేని సంగతి. మన ఊళ్లో జనవరిలో పదిహేను డిగ్రీలకి దిగితేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి. కొండ ఎక్కుతుంటే ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరు డిగ్రీలు పడిపోతాది. మన మహేంద్రగిరి 1501 మీటర్లు, దేవ్‌మాలి 1672, అక్కడే రాత్రి దుప్పటి చాలదు కదా. స్విట్జర్లాండ్‌లో టూరువాళ్లు తీసుకెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కొండ రైలు స్టేషను 3454 మీటర్ల ఎత్తులో ఉంది. కింద ఇంటర్‌లాకెన్‌లో జూన్‌లో పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతారు, అదే రోజు మధ్యాహ్నం రైలు పైకి చేరేసరికి మంచు, సున్నా డిగ్రీలు, పైగా గాలి. ఒకే రోజులో రెండు కాలాలన్నమాట. అలాంటిచోటికి ఒక పేద్ద చలికోటు కొనీసి అదే కవచం అనుకుంటే పొరపాటు. కింద ఉన్నంతసేపూ అది చేతిలో బరువు, పైకెళ్లేక లోపల కాటన్ చొక్కా ఒక్కటే ఉంటే చలి ఆగదు.

వెచ్చదనం బట్టల మధ్య ఇరుక్కున్న గాలి వల్ల వస్తాది. అందుకే మందపాటిది ఒకటి వేసుకొనేకంటే పలచనివి మూడు మేలు, వేడెక్కితే ఒకటి తీసీచ్చు కూడా. ఒంటికి అంటుకొని థర్మల్, అంటే చలికి వేసుకొనే లోపలి బట్ట, దాని మీద ఉన్ని స్వెటరు గానీ ఫ్లీస్ అనే మెత్తటి నూగుబట్టది గానీ, అన్నింటికీ పైన గాలీ వానా దూరని కోటు. లోపల కాటన్ బనీను మాత్రం వేసుకోకండి, మెట్లెక్కినప్పుడు చెమట పీల్చుకుంటాది, ఆరదు, ఆ తడి మీద చల్లగాలి తగిలేసరికి ఇంక దవడలు కొట్టుకోవడమే. ఉన్ని అలా కాదు, తడిసినా కొంత వెచ్చగానే ఉంటాది. మూడూ వేసుకొని రెండు చేతులూ పైకెత్తి, ముందుకి వంగి షూ తాడు కట్టుకొని చూడండి. చంకలో పట్టేస్తే కోటు ఒక సైజు పెద్దది కావాలి, ఎందుకంటే బిగుతుగా ఉంటే లోపల గాలికి చోటుండదు, మూడు పొరలు వేసుకొని కూడా లాభం లేదు. చెవులు, చేతివేళ్లు, పాదాలు ఇవే ముందు చల్లబడతాయి కాబట్టి టోపీ, గ్లవ్స్, ఉన్ని సాక్సులు మర్చిపోకండి, వీటికి బరువూ లేదు ఖరీదూ లేదు.

ఎక్కడ కొనాలి అంటే, చలికాలం వస్తే టిబెట్‌వాళ్లు స్వెటర్ల దుకాణాలు పెడతారు కదా, గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర 1963 నించి వాళ్ల ఊళ్లున్నాయి, వాళ్ల దగ్గర మంచి సరుకు దొరుకుతాది. కానీ మన టూర్లన్నీ మే జూన్‌లో, పిల్లల సెలవులకి. అప్పుడు బరంపురం అంతా వెతికినా ఒక ఉన్ని సాక్సు దొరకదు. కాబట్టి మే నెల టూరుకి డిసెంబర్‌లోనే కొని నాఫ్తలీన్ ఉండలేసి దాచండి. తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నా తప్పులేదు, నేను మా పక్కింటివాళ్ల కోటే వేసుకెళ్లేను, తిరిగొచ్చేక డ్రైక్లీనింగ్ చేయించి ఇచ్చేను. వీలైతే డిసెంబర్‌లో కొండమీది దారింగ్‌బాడీ వెళ్లి ఒక రాత్రి ఉండి ఆ బట్టలే వేసుకొని తెల్లారి ఐదింటికి బయట నిలబడి చూడండి, అక్కడ తెలిసిపోతాది ఏది చాల్లేదో.

చీర కట్టుకొనేవాళ్లకి మంచులో ఎలగ అని చాలామంది అడుగుతారు. స్విట్జర్లాండ్ కొండెక్కినప్పుడు అమ్మకి అరవయ్యారేళ్లు, ప్యాంటు ఎప్పుడూ వేసుకోలేదు, వేసుకోమని నేనూ అడగలేదు. కాళ్లకి థర్మల్ ప్యాంటు, దాని మీద ఉన్ని లెగ్గింగు, దాని మీద లంగా. చీర పాలిస్టర్ కలిసింది, కాటన్ కాదు పట్టు కాదు, మడమకి రెండంగుళాల పైకి కట్టేం. పైన ఫుల్ చేతుల థర్మల్, దాని మీద జాకెట్టు, ఆ జాకెట్టు నేను చేతుల దగ్గర, ఛాతీ దగ్గర ఒకటిన్నర అంగుళం లూజు పెట్టి ప్రత్యేకంగా కుట్టేను, మామూలు కొలతకి కుట్టింది థర్మల్ మీద హుక్కులు పడవు. తర్వాత స్వెటరు. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపి, దాని మీద కోటు జిప్పు పెట్టీసేం. కాళ్లకి రబ్బరు అట్ట బాగా గరుకుగా ఉన్న షూ. పైన మంచులో నడిచేసరికి చీర అంచు నాలుగు వేళ్ల మేర తడిసింది, రైలెక్కేక దులిపితే మంచు పొడిలా రాలిపోయింది, కిందకి దిగేసరికి ఆరిపోయింది. అదే కాటన్ చీర అయితే మోకాలి దాకా నీళ్లు ఎగబాకేవి. అమ్మ ఆ రోజు గంటన్నర పైన మంచులో నిలబడింది, చలేస్తోందని ఒక్కసారి కూడా అనలేదు.

చీరకట్టుకి ఇంకో జాగర్త ఎస్కలేటర్ల దగ్గర. అక్కడి మెట్రోల్లో అవి మన మాల్‌లో ఉన్నవాటికంటే చాలా పొడుగు, చాలా స్పీడు. ఎక్కేముందు కుచ్చిళ్లు ఎడంచేత్తో పట్టుకొని జానెడు పైకెత్తండి, దిగేచోట ఇంకా ముఖ్యం, పళ్ల సందులో అంచు ఇరుక్కుంటే మనిషే పడిపోతారు. నడుం దగ్గర పెద్ద పిన్ను ఒకటి పెట్టుకొని కుచ్చిళ్లు ముందే పైకి దోపుకున్నా సరే.

తర్వాతది గుళ్లూ మసీదులూ చర్చిలూ. మనోళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. బ్యాంకాక్‌లో గ్రాండ్ పేలస్‌కి వెళ్లినప్పుడు మా అక్క కూతురు మోకాళ్ల దగ్గర చిరుగులున్న జీన్స్ వేసుకొచ్చింది. పిల్లకి పదిహేడేళ్లు, ఆ జీన్స్ కొత్తది, ఫొటోల కోసమని అట్టేపెట్టుకుంది. గేటు దగ్గర బోర్డు మీద బొమ్మలు గీసి ఉన్నాయి, చిరిగిన ప్యాంటు కూడదు, నిక్కర్లు కూడదు, చేతుల్లేని చొక్కా కూడదు, ఒళ్లు కనబడే పలచనివి కూడదు. గార్డు చెయ్యి అడ్డం పెట్టి పక్కకి చూపించేడు, అంతే. ఎదురుగా రోడ్డు మీద ఏనుగుల బొమ్మల పైజమాలు అమ్ముతున్నారు, ఒకటి కొని జీన్స్ మీదే తొడుక్కొని వెళ్లింది, ఆ ఎండలో రెండు ప్యాంట్లు, ముఖం ఇంత చేసుకుంది పాపం. తప్పు ఆ పిల్లది కాదు, ముందురోజు రాత్రి బట్టలు చూసుకోవాల్సింది పెద్దవాళ్లం మేమే. మన పూరీ జగన్నాథుడి గుడిలో కూడా 2024 జనవరి 1 నించి చిరుగుల జీన్స్, హాఫ్ ప్యాంట్లు, స్లీవ్‌లెస్ వద్దన్నారు కదా. పూరీ వెళ్లినప్పుడు ఏటి వేసుకుంటారో గ్రాండ్ పేలస్‌కీ అదే వేసుకోండి, ఇంక గుర్తుపెట్టుకోవాల్సింది ఏటీ లేదు.

భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలన్న రూలు దాదాపు అన్నిచోట్లా ఉంది. రోమ్‌లో వాటికన్ సెయింట్ పీటర్స్ చర్చిలోకీ అంతే, కంబోడియా అంగ్‌కోర్ వాట్‌లో పైన బకాన్ అనే అంతస్తు ఎక్కాలన్నా అంతే, లేకపోతే అంతదూరం వెళ్లి మెట్ల కిందే ఉండిపోవాలి. కౌలాలంపూర్ దగ్గర బటు కేవ్స్ మురుగన్ గుడికి 272 మెట్లు, మోకాళ్లు కనబడితే కింద చుట్టుకోడానికి గుడ్డ అద్దెకిస్తారు. బాలి గుళ్లల్లో అయితే ఆడా మగా అందరూ నడుం కింద సారోంగ్ చుట్టుకొని పైన నడికట్టు కట్టుకోవాల్సిందే. అబుదాబి షేక్ జాయెద్ మసీదుకి ఆడవాళ్లు తల కప్పుకోవాలి, బట్టలు వదులుగా చేతుల మణికట్టు దాకా కాళ్ల మడమ దాకా ఉండాలి, ఇస్తాంబుల్ బ్లూ మసీదులోనూ ఆడవాళ్లకి తలమీద గుడ్డ. భూటాన్ జోంగుల్లోకి, అంటే కోటల్లాంటి మఠాల్లోకి, పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు, తలమీద టోపీ తీసీయాలి. నేపాల్ పశుపతినాథ్ గుళ్లోకి తోలు బెల్టూ తోలు పర్సూ రానివ్వరు, మగవాళ్లు ఆ రోజుకి గుడ్డ బెల్టు పెట్టుకుంటే పోతాది. శ్రీలంక కాండీలో బుద్ధుడి దంతం గుడికి తెల్లబట్టల్లో వెళ్లేవాళ్లే ఎక్కువ.

చీర అయితే ఏ గుడికైనా పనికొస్తాది అనుకుంటాం, పనికొస్తాది కూడా, నడుం కనబడకపోతే. అందుకని టూరు జాకెట్టు నేను రెండంగుళాలు పొడుగు, చేతులు మోచేతి దాకా, వెనక మెడ నాలుగంగుళాలకి మించకుండా కుడతాను. తాళ్లూ లట్కన్లూ వద్దంటాను, బేగు భుజానికి తగిలించుకుంటే అవి దాంట్లో చిక్కుకుంటాయి.

ఇంక అందరికీ నేను చెప్పే వస్తువు ఒకటుంది, గాంఛా, అంటే నేత తువ్వాలు. మన సంబల్‌పురీ గాంఛా, ఎర్రదో నల్లదో, పలచగా ఉంటాది చూడండి, అది ఇంటికి రెండు పట్టుకెళ్లండి. తలకి చుట్టుకోవచ్చు, భుజాల మీద కప్పుకోవచ్చు, మగపిల్లలు నిక్కరు మీద లుంగీలా చుట్టుకొని గుళ్లోకి వెళ్లొచ్చు, చెమట తుడుచుకోవచ్చు, ఫ్లైట్‌లో మెడ కింద మడతపెట్టుకోవచ్చు, రాత్రి ఉతికితే ఫ్యాను కింద రెండు మూడు గంటల్లో ఆరిపోతాది. కాస్త అందంగా కావాలంటే కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత స్టోల్ తీసుకోండి, ఆల్ చెట్టు వేళ్ల నించి తీసిన ఎర్రరంగు, 2005లోనే జీఐ గుర్తింపు వచ్చింది దానికి, చుట్టూ ఉన్నవాళ్లు ఇది ఎక్కడిదని అడుగుతారు, మన ఊరి పని నాలుగు దేశాలు చూసినట్టూ అవుతాది.

బరంపురం పట్టు మాత్రం పట్టుకెళ్లకండి. ఈ మాట నేను మనసు చంపుకొని చెప్తున్నాను, కుంభం అంచు పట్టుచీర మీద నాకున్న ప్రేమ ఇంతా అంతా కాదు, మా అమ్మ పెళ్లిచీర ఇప్పటికీ బీరువాలో తెల్లగుడ్డలో చుట్టి ఉంది. కానీ దానికి చెమట పడదు, వాన పడదు, హోటల్ ఇస్త్రీ అసలే పడదు. అక్కడ ఎవరిదైనా పెళ్లో ఫంక్షనో ఉంటే ఒకటి, లేకపోతే వద్దు. ఫొటోలకి నేతచీర కావాలంటే పలచని కాటన్‌ది బొమ్కాయ్ అంచుతో ఒకటి చాలు.

వేడి దేశాలకి ఏ బట్ట మంచిది అంటే ఇక్కడ అందరూ కాటనే అంటారు. సగం నిజం. పొందూరు ఖద్దరు లాంటిది గాలాడుతాది, హాయిగా ఉంటాది, కానీ నలుగుతాది, మందంగా ఉంటే ఆరడానికి పూట పడతాది. ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఆ బట్ట బాత్రూమ్‌లో సబ్బుతో ఉతికి, గట్టిగా పిండి, పొడి గాంఛాలో చాపలా చుట్టి కాలితో తొక్కి, విప్పి గదిలో ఫ్యాను కింద హేంగర్‌కి వెయ్యండి. పొద్దున్న ఆరింటికి నడుం పట్టీ, జేబులు, చంక కుట్లు తాకి చూడండి. పొడిగా ఉంటే పట్టుకెళ్లండి, తడి తగిలితే ఇంట్లో వదిలీండి. జీన్స్ ఈ పరీక్షలో ఎప్పుడూ తప్పుతాది. పలచని కాటనూ పాలిస్టరూ కలిసింది, రేయాన్ కుర్తీలు, మగవాళ్లకి డ్రై ఫిట్ టీషర్టులు ఇవి పాస్ అవుతాయి, రేయాన్ గట్టిగా మెలిపెట్టి పిండకండి సాగిపోతాది. చాలా దేశాల హోటల్ గదుల్లో సీలింగ్ ఫ్యాను ఉండదు ఏసీ ఒక్కటే, బాల్కనీలో ఆరేస్తే ఒప్పుకోరు, కాబట్టి ఇక్కడ అంతంతమాత్రంగా ఆరింది అక్కడ ఆరదు. ఒక పలచని నైలాన్ తాడు, నాలుగు క్లిప్పులు బేగులో వేసుకుంటే బాత్రూమ్‌లోనే కట్టుకోవచ్చు.

ఈ పరీక్ష పాసైన బట్టలతో అయితే వారానికి నాలుగు పై బట్టలు, రెండు కింద బట్టలు, రాత్రి వేసుకొనేది ఒకటి చాలు. లోపలి బట్టలు మాత్రం రోజుకొకటి పైన రెండు ఎక్కువ. కింద బట్టలు నలుపో ముదురు నీలమో అయితే అన్నింటికీ కలుస్తాయి, మరక కనబడదు, నెలసరి రోజులు మధ్యలో పడినా ధైర్యంగా ఉంటాది.

పాదాల దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండి, నా మాట వినండి. టూరులో రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు తెలీకుండా నడిచీస్తారు. కొత్త షూతో వెళ్తే రెండోరోజుకే మడమ మీద బొబ్బ, మూడోరోజు బస్సులోనే కూర్చోవాలి. షూ సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, ఫ్లైట్‌లో కూడా గంటలకొద్దీ కూర్చుంటే అలాగే ఉబ్బుతాయి. బొటనవేలు ముందు ఒక వేలు ఖాళీ ఉండాలి. కొన్నాక నెలరోజులు పొద్దున్న వాకింగ్‌కి అవే. చీర మీద స్పోర్ట్స్ షూ ఏం బాగుంటాది అని సిగ్గుపడకండి, నలుపు రంగుది సాదాగా ఉన్నది తీసుకుంటే చీర కింద కనబడనే కనబడదు. రెండో జత తడిసినా పరవాలేని పట్టీ చెప్పులు, హవాయి కాదు, వెనక పట్టీ ఉన్నవి. గుళ్లు ఎక్కువ ఉన్నచోటా, జపాన్ లాంటి చోటా షూ మాటిమాటికీ విప్పాలి, తాళ్లు లేనివి మేలు, అక్కడ సాక్సుకి చిల్లు ఉంటే అందరి ముందూ కనబడుతాది కాబట్టి మంచివి వేసుకోండి. రాసుకొనే చోట ముందే కాస్త వేస్‌లీన్ రాస్తే బొబ్బ రాదు.

టైలరుగా నేను చేసి ఇచ్చే పని ఒకటి చెప్తాను, ఇంట్లో మిషను ఉంటే మీరూ చేసుకోవచ్చు. లంగాకి లోపలి జేబు. పాస్‌పోర్టు సుమారు ఐదంగుళాల పొడుగు, మూడున్నర వెడల్పు. జేబుకి పాప్లిన్ ముక్క ఏడున్నర పొడుగు, ఆరు వెడల్పు కత్తిరించండి. పై అంచుకి ఆరంగుళాల నైలాన్ జిప్పు కుట్టండి, ఇనుప జిప్పు వద్దు, ఒంటికి గీసుకుంటాది. మిగతా మూడు పక్కలా అరంగుళం లోపలికి మడిచి, లంగాకి ఎడంపక్క ముందువైపు, నాడా పట్టీ కింద నాలుగంగుళాలు వదిలి పెట్టి, చుట్టూ రెండు వరసల కుట్టు వెయ్యండి. మూలల దగ్గర మిషను ముందుకీ వెనక్కీ మూడుసార్లు తిప్పండి, ముందు ఊడేది అక్కడే. నాడా పట్టీకి మరీ దగ్గరగా పెడితే కుచ్చిళ్లు దోపినప్పుడు గుచ్చుకుంటాది, కిందకి పెడితే నడిచినప్పుడు తొడకి కొట్టుకుంటాది, నాలుగంగుళాలే సరి. లోపల పెట్టేది చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి పెట్టండి, లేకపోతే చెమటకి నోట్లు మెత్తబడతాయి. మగవాళ్ల ప్యాంటుకి, కుర్తీ కింద లెగ్గింగుకి కూడా ఇదే పద్ధతి. కానీ ఎయిర్‌పోర్టు రోజు పాస్‌పోర్టు ఇందులో పెట్టకండి, నాలుగైదు చోట్ల చూపించాలి, అందరిముందూ తీయలేరు, ఆ రోజుకి మెళ్లో వేసుకొనే చిన్న బేగే మంచిది.

ఫ్లైట్‌లో వేసుకొనేవి నడుం దగ్గర ఎలాస్టిక్ ఉన్నవి, వదులుగా, ఫుల్ చేతులు, కాళ్లకి సాక్సులు, లోపల చలిగానే ఉంటాది. గాజులు, పట్టీలు, పెద్ద బెల్టు బకిల్ ఇవన్నీ సెక్యూరిటీ దగ్గర కూతపెడతాయి, ఒక్కొక్కటీ తీసి ట్రేలో పెట్టి మళ్లీ వేసుకొనేసరికి వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. బంగారం తగ్గించండి, మంగళసూత్రం, చెవులవి చాలు. ఎక్కువ ఖరీదైనవి తప్పక వేసుకెళ్లాలంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, వచ్చేటప్పుడు అక్కడ కొన్నారేమో అన్న పేచీ ఉండదు.

చేతిబేగుకి చాలా ఎయిర్‌లైన్స్ 7 కేజీలే ఇస్తాయి. అందులో ఒక జత పూర్తి బట్టలు, లోపలివి రెండు జతలు, రోజూ వేసుకొనే మందులు కచ్చితంగా ఉండాలి. జర్మనీ వెళ్లినప్పుడు మా పెద్ద సూట్‌కేసు రెండురోజులు ఆలస్యంగా వచ్చింది, అమ్మకి చేతిబేగులో ఒక చీర ఉండబట్టి గడిచింది, నాకు లేక తమ్ముడి టీషర్టు వేసుకొని తిరిగేను. అప్పట్నించి ఇద్దరు వెళ్తే ఇద్దరి బట్టలూ రెండు సూట్‌కేసుల్లో సగం సగం సర్దమంటాను, ఒకటి రాకపోయినా ఎవరూ పూర్తిగా ఇబ్బంది పడరు.

ఇంకొన్ని చిన్న సంగతులు. మిలిటరీ డిజైను ఉన్న ప్యాంట్లు చొక్కాలు పిల్లలకి ఇష్టమే గానీ బార్బడోస్, జింబాబ్వే లాంటి దేశాల్లో మామూలు జనం అవి వేసుకోవడం చట్టరీత్యా నేరం, మీ దేశం లిస్టులో ఉందో లేదో వెతుక్కొనే బదులు ఇంట్లోనే వదిలీండి. బుద్ధుడి బొమ్మ ఉన్న చొక్కాలు శ్రీలంకకీ థాయిలాండ్‌కీ వద్దు, వాళ్లకి మనసు నొచ్చుకుంటాది. హోటల్ స్విమ్మింగ్ పూల్‌లోకి కాటన్ టీషర్టుతోనూ చుడీదార్‌తోనూ చాలాచోట్ల దిగనివ్వరు, నైలాన్ లైక్రాది ఫుల్ చేతులూ ఫుల్ కాళ్లతో దొరుకుతాది, ఇక్కడే కొనుక్కెళ్లండి. నైటీ గదిలోనే, పైన తువ్వాలు వేసుకొని కిందకి టిఫినుకి వెళ్లడం మన ఇళ్లల్లో మామూలే గానీ అక్కడ అది రాత్రిబట్ట కింద లెక్క, ఒక కుర్తీ తొడుక్కొని వెళ్లండి. మగవాళ్లకి లుంగీ కూడా అంతే. చిన్నపిల్లలకి గుంపులో దూరం నించి కనబడే పసుపో నారింజో రంగు వేస్తే కళ్లకి ఆనుతారు, వాళ్లకి మాత్రం రోజుకి ఒక జత ఎక్కువే పెట్టండి.

బయల్దేరే రోజు బరువైన షూ, చలికోటు సూట్‌కేసులో పెట్టకుండా ఒంటిమీదే వేసుకోండి, భువనేశ్వర్ రైల్లో ఉక్కగా ఉంటే కోటు చేతికి తగిలించుకోండి. ముందురోజు రాత్రి సూట్‌కేసు కాటా మీద పెట్టి 15 కేజీల లోపు ఉందో చూడండి, వచ్చేటప్పుడు చాక్లెట్లకీ చుట్టాల సామాన్లకీ చోటు కావాలి కదా. తర్వాత ఆ సూట్‌కేసు ఎవరిది వాళ్లే పట్టుకొని మేడమెట్లు ఒకసారి ఎక్కి దిగండి. యూరప్‌లో పాత హోటళ్లల్లో లిఫ్టు ఉండదు, రైలు స్టేషన్లల్లో కూలీలు దొరకరు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సొస్తే, సూట్‌కేసు తెరిచి రెండు జతలు బయట పెట్టీండి, మళ్లీ ఎక్కి చూడండి.